తొండ తీసిన గుంజీలు

ఒకప్పుడు వసంతం ఇప్పట్లా రెండు నెలలపాటు కాళ్ళు చాపుకుని కూర్చునేది కాదు. వసంతుడని ఒకాయన ఉండేవాడు. ఆయన ఏడాదికొకసారి, ఒక్కో ఇంటికి ఒక్క పూట వచ్చేవాడు. పెరటి తడిక తోసి లోపలికి తొంగి చూసేవాడు. పెరడు సిద్ధంగా ఉంటే అడుగు పెట్టేవాడు. ఆయన పాదం పడగానే గింజలన్నీ పటపటా పగిలి మొలకలెత్తేవి. సిద్ధంగా లేకపోతే మొహం ముడుచుకుని పక్కింటికి వెళ్ళిపోయేవాడు. ఇక ఆ పెరట్లో ఏడాదంతా ఒక్క పువ్వు పూసేది కాదు, ఒక్క కాయ కాసేది కాదు.

కొత్త అల్లుడికి ఎంత అలకో ఆయనకీ అంత అలక. బతిమాలినా ఆగేవాడు కాదు. పైగా వరసగా రెండేళ్ళు ఏ పెరడైనా సిద్ధంగా లేకపోతే ఆ ఇంటి దారే మరిచిపోయేవాడు. మళ్ళీ ఎప్పటికీ అటు వచ్చేవాడు కాదు.

ఆ రోజుల్లో తొండ కూడా ఇప్పటి తొండలా ఉండేది కాదు. ఒళ్ళంతా మట్టిరంగే. తల కదపకుండా దడి మీద గమ్మున పడుకునేది. గుంజీలంటే ఏవిటో దానికి తెలీదు. మీకు తెలుసనుకోండి, అది వేరే సంగతి.

దానికి ఉన్నదల్లా ఒకటే జబ్బు. మొహమాటం. ఎవరు ఏం అడిగినా కాదనలేదు. అడిగింది సగం వినకుండానే, "ఆయ్, అలాగేనండి!" అనేసేది. అన్న తరవాత వాళ్ళ మొహాలు విప్పారేవి చూడండి, అది చూస్తే తొండకి కడుపు నిండిపోయేది. ఈగలు కూడా అక్కర్లేకపోయేది.

ఆ తొండ ఉండే దడి సూరాయమ్మ మామ్మది. గోదారి లంకలో మామ్మ ఇల్లు. ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. కిందటేడు సరిగ్గా వసంతుడు వచ్చే ముందు మామ్మ కాలు బెణికి మంచాన పడింది. పెరడు అడవిలా ఉండిపోయింది. వసంతుడు తొంగి చూశాడు, ముక్కు చిట్లించాడు, వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదంతా మామ్మ చింతపండు చారు పోసుకుని తింది. పొద్దున చారు, రాత్రి చారు. పండగనాడు కొంచెం చిక్కటి చారు. పచ్చనిది ఏదీ లేకపోయేసరికి పెరట్లోకి పురుగులు రావడం మానేశాయి. కోడి డొక్కలు అంటుకుపోయాయి. తొండ మరీ పుల్లలా అయిపోయింది. పుల్లే అనుకుని మామ్మ ఒకసారి దాన్ని పొయ్యిలో పెట్టబోయి ఆఖరు నిమిషంలో ఆగింది.

అందుకే ఈ ఏడు చలి తగ్గుముఖం పట్టగానే మామ్మ కొంగు బిగించింది. ఎండిన వంగమోళ్ళు పీకింది. రాలిన ఆకులు పోగేసి కాల్చి బూడిద చేసింది. పందిరికి కొత్త వాసాలు కట్టింది. అటక మీది కుండలోంచి విత్తనాల మూట దించి, చేటలో పోసి, అరుగు మీద ఎండకి పెట్టింది. ఆ తరవాత దడి దగ్గరికొచ్చి తొండని పిలిచింది.

"ఒరే తొండా, నువ్వు ఎత్తుమీద కూచుంటావు. పెరడంతా మూలమూలా కనపడద్ది నీకు. నేను ఏటి ఒడ్డునించి ఒండ్రుమట్టి మొయ్యాలి. పొద్దున్నెళితే మళ్ళీ మాపటికే రావడం. ఎవరెక్కడ ఉండాలో నువ్వు చూసిపెట్టు. కోకిల కూసే వేళకి ఎవరి పాదులో వాళ్ళుండాలి. చూస్తావా?"

"ఆయ్, అలాగేనండి మామ్మగారూ!"

"ఎవరన్నా తిక్కతిక్కగా అడిగితే కుదరదని చెప్పాలి మరి. చెబుతావా?"

"ఆయ్, అలాగేనండి!"

మామ్మ నమ్మింది. గంప నెత్తిన పెట్టుకుని ఏటివైపు వెళ్ళింది. తొండ దడి మీద ఇంకో జానెడు పైకి ఎక్కి కూర్చుంది. పెరడంతటికీ పెత్తనం చేతికొస్తే ఎవరికైనా కొంచెం పైకి ఎక్కాలనే అనిపిస్తుంది.

మామ్మ అటు వెళ్ళిందో లేదో చేటలో గుమ్మడి గింజ లేచి కూర్చుంది.

"తొండబావా! నేను అసలే ఒళ్ళున్న మనిషిని. నాకు దాహం ఎక్కువ. ఆ నూతి చప్టా పక్కన నీళ్ళు జారే చోటుంది చూశావూ, ఆ పాదు నాకిప్పించు బావా."

"ఆయ్, అలాగేనండి!"

"బంగారంలాంటి బావవి" అని గుమ్మడి గింజ మళ్ళీ పడుకుంది.

కాసేపటికి పొట్ల గింజ లేచింది. "బావా, నేను పొడుగు. నా నీళ్ళు కిందనించి పైకి ఎక్కాలంటే ఎంతసేపు పడుతుందో నువ్వే చెప్పు. ఆ నూతి పక్క పాదు నాకు కాకపోతే ఎవరికి?"

"ఆయ్, నిజమేనండి. అలాగేనండి!"

బీర గింజ కూడా అదే పాదు అడిగింది. దానికీ అలాగే అంది. ఆఖర్న కాకర గింజ వచ్చి ఏడుపు మొహం పెట్టింది. "నేను చేదు కదా, నన్నెప్పుడూ ఓ మూల పారేస్తారు. ఒక్క ఏడాదైనా నూతి పక్కన కూచోనివ్వవా బావా?"

తొండకి గుండె కరిగిపోయింది. "ఆయ్, అలాగేనమ్మా, ఏడవకు" అంది. దాని కళ్ళు కూడా చెమర్చాయి.

మర్నాడు కోడి వచ్చింది. "బావా, మామ్మ కొత్తగా తవ్విన మట్టి మెత్తగా ఉంది. అందులో నా పిల్లలతో పాటు పడి దొర్లితే పేలన్నీ రాలిపోతాయి. దొర్లనా?"

"ఆయ్, దొర్లండి!"

కోడి వెళ్ళగానే మట్టిలోంచి వానపాము తల పైకెత్తింది. "బావా, నేను కింద మట్టి గుల్ల చేస్తున్నాను. ఆ కోడి ఇటువైపు రాదని మాటిస్తేనే పని చేస్తాను. ఇస్తావా?"

"ఆయ్, ఇచ్చానండి!"

ఇక పందిరి మీద కిందటేడు వసంతుడు అలిగి వెళ్ళకముందు చలికాలమంతా కాసి, ఆ తరవాత పూతే లేక అలిసిపోయిన చిక్కుడుపాదు ఒకటుంది. దాన్ని తీసేసి ఆ పందిరి పొట్ల పాదుకి ఇవ్వాలని మామ్మ చెప్పి వెళ్ళింది. చిక్కుడు వణుకుతూ అడిగింది. "తొండా, ఇంకో నాలుగు పువ్వులు పూసి పోతాను. అందాకా నన్నెవరూ కదపకుండా చూస్తావా నాయనా?"

"ఆయ్, మిమ్మల్ని కదిపేదెవరండీ!"

ఆ సాయంత్రం అందరూ తొండని మెచ్చుకున్నారు. ఇలాంటి మంచివాడు ఏడు లంకల్లో లేడని కోడి అంది. తొండకి ఆ రాత్రి బ్రహ్మాండంగా నిద్రపట్టింది.

మూడోనాడు ఎండలో కూర్చుని లెక్క చూసుకుంటే మాత్రం దాని గుండెల్లో రాయి పడింది. నూతి పక్కన ఉన్నది ఒకే ఒక్క పాదు. దానికి యజమానులు నలుగురు. పందిరి ఒకటి, దానికి ఇద్దరు. మెత్తమట్టి ఒకటి, అందులోకి కోడి రావాలి, కోడి రాకూడదు.

"ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి కుదరదని చెప్పేస్తే పోతుంది" అనుకుంది. జామచెట్టు వెనక్కి వెళ్ళి ఆ మాట పలకడం సాధన చేసింది. "కు... కు... కు..." అక్కడితో ఆగిపోయింది. నోరు తిరగలేదు. ఎవరో పిలుస్తున్నారనుకుని కోడి పిల్లలతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏం బావా, గింజలేమన్నా ఉన్నాయా?" అని అడిగితే తొండ, "ఆయ్, ఉంటాయండి" అనేసింది. లేవు. పాపం, అవి ఆ చెట్టు కింద పొద్దుగూకేదాకా వెతుక్కున్నాయి.

రోజూ సాయంత్రం మామ్మ ఒండ్రుగంప దించి నడుం పట్టుకుని అడిగేది. "ఎంతవరకొచ్చిందిరా?"

"ఆయ్, అయిపోవచ్చిందండి!"

మామ్మకి చీకటి పడితే కళ్ళు సరిగ్గా ఆనవు. తొండ మాటే ఆవిడ కళ్ళు. సరేలే అనుకుని కాళ్ళు కడుక్కుని పడుకునేది. తొండ మాత్రం నీళ్ళు నములుతూ కూర్చునేది. రేపు చెప్పేద్దాం, రేపు చెప్పేద్దాం అనుకునేది. మీరు లెక్కలు చెయ్యకుండా బడికి వెళ్ళిన రోజున ఎలా ఉంటుందో తెలుసుగా, అచ్చం అలాగే ఉంది దానికి.

అలా రేపు రేపు అంటుండగానే ఓ పొద్దున మామిడికొమ్మ మీద కోకిల కూసింది. కోకిల అప్పట్లో వసంతుడి దగ్గర కొలువు చేసేది. ముందొచ్చి కేక వెయ్యడం దాని పని. "అయ్యగారు ఊళ్ళోకి వచ్చేశారు! వరసగా అన్ని ఇళ్ళూ చూసుకుంటూ వస్తున్నారు! ఎవరి పెరడు వాళ్ళు చూసుకోండహో!"

కొంప మునిగింది.

చేటలోంచి గుమ్మడి గింజ ఒక్క గెంతు గెంతి నూతి పక్క పాదులో పడింది. దాని మీద పొట్ల గింజ పడింది. వాటి మీద బీర, బీర మీద కాకర. "ఇది నాది!" "నాదంటే నాది!" "తొండబావ మాటిచ్చాడు!" "నాకూ ఇచ్చాడు!" అని ఒకటే తోపులాట. చూస్తే పాదు పిడికెడంత, గొడవ మాత్రం సంతంత.

ఇంతలో కోడి పిల్లలతో వచ్చి మెత్తమట్టిలో పడి దొర్లడం మొదలెట్టింది. మట్టి చెల్లాచెదురైంది. వానపాము లబోదిబోమంది. "ఇది రాదని తొండ మాటిచ్చాడు!" కోడి రెక్కలు దులిపి, "రమ్మని నాకూ ఇచ్చాడే!" అంది.

పాదులో చోటు దొరకదని తేలాక పొట్ల గింజ కనీసం పందిరైనా పట్టుకుందామని పరిగెత్తింది. చిక్కుడుపాదు పందిరిని గట్టిగా కావిలించుకుంది. "నేను కదల్ను. తొండ మాటిచ్చాడు!" ఒకళ్ళు లాగారు, ఒకళ్ళు గింజుకున్నారు. కొత్త వాసాలు ఫెళ్ళున విరిగాయి. పందిరి మొత్తం కోడి నెత్తిన కూలింది.

అప్పుడే కోకిల కేక విని ఆఖరి గంపతో సూరాయమ్మ మామ్మ పెరట్లోకి వచ్చింది.

గంప చేతిలోంచి జారిపోయింది. మామ్మ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే తొండకి కొంచెం హాయిగా ఉండేది. ఆవిడ నూతి చప్టా మీద కూలబడి, మట్టిలో దొర్లుతున్న గింజల్ని చూసింది.

"ఇవి కిందటేడు వెయ్యాల్సినవిరా. ఈ ఏడు కూడా మొలవకపోతే గింజ చచ్చిపోద్ది. ఇంక ఆయన ఈ గుమ్మం తొక్కడు. నేనింక మట్టి తొక్కక్కర్లేదు" అంది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "నీ మాట నమ్మాను కదరా తొండా."

తొండ అలవాటుగా "ఆయ్" అనబోయింది. అనలేకపోయింది. తను మంచివాణ్ణనిపించుకోవడం కోసం ఈ ముసలావిడ పెరడు పోగొట్టాననీ, మంచివాళ్ళు చేసే పని ఇది కాదనీ దానికి అప్పుడు తెలిసింది. ఒళ్ళంతా సిగ్గుతో చచ్చిపోయింది.

తడిక కిర్రుమంది.

వసంతుడొచ్చాడు. పసుపుపచ్చ ఉత్తరీయం, చెవి వెనక మామిడిపూత, కాళ్ళకి కిర్రుచెప్పులు. లోపలికి తొంగి చూశాడు. విరిగిన పందిరి చూశాడు. పందిరి కిందనించి బయటికొచ్చిన కోడి తల చూశాడు.

"వరసగా రెండో ఏడు" అన్నాడు. ఉత్తరీయం భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

తొండ దడి మీదనించి ఎగిరి తడిక రాట మీద దూకింది. ఎలా దూకిందో దానికే తెలీదు.

"అయ్యగారూ! తప్పు మామ్మది కాదండి, నాదండి! నాకు శిక్ష వెయ్యండి. గుంజీలు తీస్తాను!"

ఆ కాలంలో గుంజీలకి ఒక పద్ధతుండేది. తప్పు చేసినవాడు గుంజీలు తీస్తానంటే, ఎవరి ముందు తీస్తున్నాడో ఆయన ఆగి, చివరిదాకా నిలబడి చూడాలి. మధ్యలో వెళ్ళిపోతే ఆ తప్పు చూసేవాడికే చుట్టుకుంటుంది. ఎంత అలిగినా వసంతుడు పద్ధతి తప్పే మనిషి కాదు.

ఆయన విసుగ్గా ఆగాడు. "సరే, కానీ. ఎన్ని తప్పులు చేశావో అన్ని తియ్యి. తొందరగా. అవతల నలభై ఇళ్ళున్నాయి. ముందు చెవులు పట్టుకో."

తొండ చెవులు తడుముకుంది. "అయ్యగారూ, నావి చెవులు కాదండి. ఉత్త చిల్లులండి. పట్టు దొరకట్లేదండి."

"అయితే ఊరికే తియ్యి!"

తొండ ముందుకాళ్ళ మీద లేచింది, కుంగింది. "ఇది గుమ్మడికి మాటిచ్చినందుకండి!" లేచింది, కుంగింది. "ఇది పొట్లకి ఇచ్చినందుకండి!" బీరకొకటి, కాకరకొకటి, కోడికొకటి, వానపాముకొకటి, చిక్కుడుకొకటి. మామ్మకి అయిపోవచ్చిందని అబద్ధం చెప్పినందుకు అయిదు. మొత్తం పన్నెండు. తప్పులు అయిపోయాయి.

తొండ ఓరకంట పెరట్లోకి చూసింది. మామ్మ ఇంకా చప్టా మీదే కూర్చుని ఉంది. వసంతుడు కాలు కదపబోతున్నాడు. తను లేస్తూ కుంగుతూ ఉన్నంతసేపూ ఆయన కదలలేడన్న సంగతి తొండకి అప్పుడు వెలిగింది.

"ఇంకా ఉన్నాయండి!" అని అరిచింది. "ఇది చిన్నప్పుడు మా అమ్మ పిలిస్తే వినపడనట్టు పడుకున్నందుకండి! ఇది పక్కింటి దడి మీది ఈగని మా దడి మీదిదని చెప్పి తిన్నందుకండి! ఇది గుడ్డులోంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకండి!"

"అది కూడా తప్పేనా?" అన్నాడు వసంతుడు.

"మా అమ్మ కంగారు పడిందండి!"

మామ్మ తలెత్తింది. రాట మీద తొండ అలా లేవడం, కుంగడం చూసింది. దాని కళ్ళు తన వైపే ఉన్నాయి. మామ్మకి సంగతి అర్థమైంది. చీరకుచ్చిళ్ళు ఎగదోపి లేచింది.

"లేవండర్రా! వాడు ఆపేలోపల అయిపోవాలి! గుమ్మడీ, నువ్వు పెంటకుప్ప పక్కకి నడు."

"అమ్మో, పెంటకుప్పా? నాకు నూతి పక్కన..."

"కుదరదు!" అంది మామ్మ. "నూతి పక్కన నీళ్ళు నిలిచి నీ వేరు కుళ్ళిపోద్ది. పది రోజుల్లో చస్తావు. అక్కడ చామా అరటీ తప్ప మీరెవరూ బతకరు. ఈ తొండ కుదరదని ఒక్క మాట అనుంటే మీ అందరికీ మేలు చేసినవాడయ్యేవాడు."

నలుగురూ నోరెళ్ళబెట్టారు. గుమ్మడి గొణుక్కుంటూ పెంటకుప్ప పక్కకి వెళ్ళింది. వెచ్చటి ఎరువులో ఒళ్ళు ఆనగానే, "అబ్బ" అని కళ్ళు మూసుకుంది. బీర దడి వారకి వెళ్ళింది. కాకర, "మళ్ళీ మూలకేగా" అంది. "మూలే, కానీ పొద్దున ఎండ ముందు నీ మీదే పడద్ది" అంది మామ్మ. కాకర మూతి తిప్పుకుంది గానీ వెళ్ళింది.

తొండ గుంజీలు తీస్తూనే ఇదంతా చూసింది. కుదరదన్న మాట విని ఒక్కళ్ళు కూడా చచ్చిపోలేదు. ఇంత చిన్న మాటకా తను వారం రోజులు భయపడింది!

మామ్మ చిక్కుడుపాదు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా చెప్పింది. "కుదరదే తల్లీ. నువ్వు కాయాల్సినంతా కాశావు. ఎండుకాయలు నాకియ్యి, మూటకట్టి దాస్తాను. చలి రాగానే మళ్ళీ నీకే ఈ పందిరి." చిక్కుడు ఒక్కో చెయ్యీ తనంతట తనే వదిలింది. విరగని వాసాలు ఏరి మామ్మ పందిరి మళ్ళీ నిలబెట్టింది. పొట్ల దాని కిందికి చేరింది.

"కోడీ, నీ దొర్లుడు బూడిదకుప్పలో. ముందు కాళ్ళతో ఆ నాలుగు పాదులూ గీకు. వానపామూ, నువ్వు గుమ్మడి దగ్గరకి పో, అటు కోడిని రానివ్వను" అంది మామ్మ. కోడి గీకింది. మామ్మ ఒండ్రు పోసింది, ఎరువు కలిపింది, గింజల్ని బూడిదలో పొర్లించి పాదుల్లో పెట్టింది. కిందటేడు బెణికిన కాలు సంగతే ఆవిడకి గుర్తులేదు.

అక్కడ రాట మీద తొండకి తలప్రాణం తోకకొచ్చింది. నూరు దాటింది. రెండువందలు దాటింది. సొంత తప్పులు పూర్తిగా అయిపోయి పక్కవాళ్ళవి అరువు తెచ్చుకుంది. "ఇది కోడి కిందటి నెల మామ్మ బియ్యం తిన్నందుకండి!"

"ఏయ్!" అంది కోడి.

ఆయాసానికి దాని మెడ ఉబ్బింది. మొహం కందిపోయింది. ముందు బుగ్గలు, తరవాత గొంతు, తరవాత భుజాలదాకా పండుమిరపకాయలా ఎర్రబడింది. గొంతు పోయింది. నోరు పెగల్లేదు. మాట లేకుండా ఊరికే లేచింది, కుంగింది, లేచింది, కుంగింది.

అంతసేపు వసంతుడు ఏనాడూ ఎక్కడా నిలబడి ఎరగడు. ఆయన చెయ్యి ఆనించిన ఎండురాటకి చిగుళ్ళు వచ్చాయి. చెప్పుల చుట్టూ గడ్డి మొలిచింది.

"అయిపోయింది బాబూ! రండి!" అని మామ్మ కేకేసింది.

వసంతుడు తడిక దాటి పాదం పెట్టాడు. పాదుల్లో గింజలన్నీ పటపటా పగిలాయి. మామ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. రాట మీద తొండ నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా వేలాడేసి, బతికానురా దేవుడా అనుకుని బోర్లా పడిపోయింది.

ఇక వసంతుడు వెళ్ళిపోవాలి. వెళ్ళడానికి కాలెత్తాడు కూడా. అంతలో దడి వార బీర మొలక సన్నటి తీగ చాచి, ఏదో వెతుకుతున్నట్టు గాల్లో తడిమి, ఆయన చిటికెనవేలు చుట్టేసింది.

"ఇదేం చేస్తోంది?" అన్నాడాయన.

"పాకడానికి పట్టు వెతుక్కుంటోంది బాబూ. పాకి పూస్తుంది. పూసి పిందేస్తుంది."

"పిందె అంటే?"

కోడి గీకడం ఆపింది.

"ఇన్నేళ్ళుగా వస్తున్నారు, పిందె చూళ్ళేదా బాబూ మీరు?" అంది మామ్మ.

వసంతుడి మొహం చిన్నబోయింది. "నేను మొలక చూసి వెళ్ళిపోతాను. తరవాత ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు. ఒక్క పూట కంటే ఎక్కువ ఆగకూడదని నా పద్ధతి. ఊరికే ఉండిపోతే ఏం బాగుంటుంది?"

ఆయన వేలికున్న తీగ వైపు చూశాడు. తడిక వైపు చూశాడు. మెల్లిగా రాట దగ్గరికి వెళ్ళి, వంగి, ఎవరికీ వినపడకుండా తొండని అడిగాడు.

"ఏమయ్యా, ఇంకా ఏవైనా తప్పులు మిగిలాయా?"

తొండ ఒక కన్ను తెరిచింది. ఆయన మొహం చూసింది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. కుదరదని చెప్పడం ఎలాగో కూడా ఈపాటికి దానికి తెలుసు. అయినా వణుకుతున్న ముందుకాళ్ళు కూడదీసుకుని లేచింది. కుంగింది. మళ్ళీ లేచింది.

"ఏం చేస్తాం, చూడక తప్పదు" అని వసంతుడు గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు. చెప్పులు విప్పి నూతి చప్టా మీద హాయిగా కూర్చున్నాడు.

కోకిల ఈ కబురు నలభై ఇళ్ళకీ మోసింది. ఆ ఇళ్ళ దడుల మీది తొండలన్నీ విన్నాయి. వసంతుడు ఏ ఇంటి తడిక తోస్తే ఆ ఇంటి తొండ రాట ఎక్కి గుంజీలు మొదలెట్టింది. అలా ఒక్క పూట పండగ రెండు నెలల పండగ అయింది. మామ్మ పెరట్లో బీరతీగకి చిటికెనవేలంత పిందె వేసిన రోజున వసంతుడు మళ్ళీ అక్కడికొచ్చి దాన్ని అరచేతిలో పెట్టుకుని పొద్దుగూకేదాకా చూస్తూ కూర్చున్నాడట. ఆ పూట భోజనానికి పిలిచినా లేవలేదట.

అప్పటినుంచే ఎండ కాస్త వెచ్చబడగానే తొండ దడి ఎక్కుతుంది. మెడ ఉబ్బించి, మొహం ఎర్రగా చేసుకుని, నోరు మూసుకుని లేస్తూ కుంగుతూ గుంజీలు తీస్తూనే ఉంటుంది. మీరెవరూ దాని మీద రాళ్ళు విసరకండి. అది ఆపిందంటే, పక్కనే నిలబడి చూస్తున్నాయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతాడు.